పాలుకిచ్చిన ఇంజను

నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం దానికి మూడు పూటలా తిండి పెట్టి, నీళ్లు పోసి, రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టి పెంచుకుంటాను. చింతపల్లిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని జీపులు బాగుచేస్తూ ఇరవై ఆరేళ్లుగా బతుకుతున్నాను. పని చేయించుకుని డబ్బులు ఎగ్గొట్టినవాళ్ల మీద నేను పెంచిన కోపాలన్నిటినీ వరసగా నిలబెడితే, ఆ వరస నా షెడ్డు దగ్గర మొదలై ఘాటు రోడ్డు దిగి నర్సీపట్నం బస్టాండులో టీ తాగుతుంది. అన్నిట్లోకీ ఒక్కటే నాకు కడుపు నిండా తీరింది. దాని సంగతి చెబుతాను.

ఆ జీపు మా షెడ్డుకి తనంతట తాను రాలేదు. ముందు రెండు ఎద్దులు లాగుతుంటే, వెనక పద్నాలుగు మంది ప్రయాణికులు, టికెట్టు డబ్బులిచ్చి మరీ, తోస్తుంటే వచ్చింది. దాని పొగ మా ప్రాంతంలో పేరుమోసిన పొగ. చలికాలంలో మంచు చూడ్డానికి కొండెక్కిన పట్నం జనం ఆ జీపు వెళ్లిన దారిలో నిలబడి, అదే మంచనుకుని, పెళ్లాం బిడ్డలతో ఫోటోలు దిగేవారు. తరవాత ఇళ్లకి వెళ్లి ఎందుకు దగ్గుతున్నారో వాళ్లకి తెలిసేది కాదు.

జీపు యజమానిని అందరూ షావుకారు అనేవారు. పల్లం నుంచి ఉప్పూ ఎండుచేపలూ అమ్ముకుంటూ తండ్రి కాలంలో కొండెక్కిన కుటుంబం. జీపు తనే తోలేవాడు. సంతలకి మనుషుల్ని చేరవేసేవాడు, కాఫీ పళ్ల కాలంలో అదే జీపులో తిరిగి పళ్లు కొనేవాడు. ఆయన పొట్టకీ స్టీరింగుకీ మధ్య పోస్టుకార్డు పట్టేంత సందు కూడా ఉండేది కాదు. హారన్ చేత్తో కొట్టాల్సిన పని లేదు, గట్టిగా ఊపిరి పీలిస్తే అదే మోగేది.

ఇంజను విప్పి చూస్తే లోపల పిస్టన్లు డబ్బాలో గులకరాళ్లలా ఆడుతున్నాయి. బ్లాకు కొండ కిందికి, లేతు షాపుకి పంపి బోరు చేయించాలి, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వెయ్యాలి. నర్సీపట్నంలో పార్టులమ్మేవాడు నాకు అరువివ్వడం మానేసి చాలా కాలమైంది. నా మొహం వీధి మలుపులో కనిపిస్తేనే షట్టరు సగానికి దించేవాడు. షావుకారేమో పని అవగానే ఒక్క ముద్దగా మొత్తం ఇస్తానన్నాడు. నేను మా ఆవిడ దగ్గరికి వెళ్లాను.

మా ఆవిడకి పుట్టింటివాళ్లిచ్చిన కొండవాలు మీద కాఫీ మొక్కలున్నాయి. వాటికి నీడనిచ్చే చెట్ల మీద మిరియం పాదులున్నాయి. మూడేళ్లు మిరియాలమ్మిన డబ్బుని ఆవిడ ఒక పౌడరు డబ్బాలో దాచింది. ఆ డబ్బా ఎక్కడుంటుందో కనిపెట్టడానికి నేను మూడేళ్లుగా చేసిన పరిశోధనకి నాకు డాక్టరేటు రావాలి. ఆ డబ్బు పల్పరు కోసం. పల్పరంటే కాఫీ పండు మీది తొక్క ఒలిచి గింజని వేరుచేసే మిషను, చేత్తో తిప్పుతారు. అది ఇంట్లో ఉంటే గింజలు ఒలిచి, కడిగి, ఎండబెట్టుకుని, మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. లేకపోతే కోసిన పళ్లని ఆ సాయంత్రమే, పాడవకముందే, వచ్చిన వ్యాపారి ఎంతంటే అంతకి పోసేయాలి.

ఆవిడ డబ్బు నా చేతిలో పెట్టి ఒకే మాట అంది.

"పళ్లు ఎర్రబడీసరికి నా డబ్బులు నా డబ్బాలో ఉండాల. నువ్వేటి సేత్తావో నాకు తెల్దు."

పదకొండు రోజులు పనిచేశాను. ఆ ఇంజను మీద పడ్డ నా చెమటని పట్టి ఉంటే ఒక మడి తడిసేది. పన్నెండో రోజు పొద్దున్న తాళం తిప్పితే జీపు పొగ లేకుండా, దగ్గు లేకుండా, కొత్త పెళ్లికొడుకులా గొంతు సవరించుకుంది. షావుకారు ఎక్కి కూర్చుని, సంతకి ఇచ్చేస్తానని చెప్పాడు. నేను తాళం ఇచ్చేశాను.

ఇక్కడ నేను చేసిన తప్పు పల్లపు ఊళ్ల మెకానిక్కులెవరూ చేయరు, మా కొండల్లోవాడే చేస్తాడు. మాకు తారీఖులతో పనిలేదు. పెళ్లి మాటైనా, విత్తనం మాటైనా, బాకీ మాటైనా సంతకే. సంతకి అంటే మన సంతకనే అర్థం, వచ్చే వారమనే అర్థం. ఏ సంతకి అని ఎదుటివాణ్ణి అడగడమంటే నువ్వు దొంగవా అని అడిగినట్టే. కానీ వారంలో ఏడు రోజులూ ఈ కొండల్లో ఎక్కడో ఒకచోట సంత జరుగుతూనే ఉంటుంది, షావుకారు వాటన్నిటికీ వెళ్తాడు. చింతపల్లి సంతలో పట్టుకుంటే తను చెప్పింది ముంచింగిపుట్టు సంత సంగతన్నాడు. ఇంకో వారం పట్టుకుంటే రాజవొమ్మంగి సంత అన్నాడు. పండగకి సంతలన్నీ మానేసిన రోజొకటి చూసుకుని ఆ రోజు అడిగితే, ఫోన్లో డబ్బు కొట్టేస్తానని ఫోను తీసి ఆకాశం వైపు ఎత్తి, దేవుడికి హారతిచ్చినట్టు నాలుగు వైపులా తిప్పి, సిగ్నల్ లేదన్నాడు. ఆ పక్కనే నిలబడి నేను మా బావమరిదితో ఫోన్లో మాట్లాడుతున్నాను.

అలా వానాకాలం మొత్తం గడిచింది. కొండవాలు మీద పళ్లు పచ్చరంగు వదిలి పసుపుకి తిరిగాయి. ఒకరోజు నేను షెడ్డులో ఒక గేర్‌బాక్సు కింద పడుకుని ఉండగా షావుకారు చింతపల్లికి అవతల మా ఊళ్లో ఇంటికి వెళ్లాడు. వెళ్లి మా ఆవిడ మీద జాలిపడ్డాడు. మిషను లేకుండా పళ్లు ఎందుకు కుళ్లబెట్టుకుంటావమ్మా, ఎవరికో ఎందుకు, నాకే పొయ్యి అని ఒక ధర చెప్పాడు. ఆ ధర వింటే కాఫీ మొక్కలు వేళ్లతో సహా లేచి ఒడిశా వైపు వెళ్లిపోయేవి.

సాయంత్రం ఆవిడ ఆ సంగతి చెప్పింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పదిరోజుల్లో మొదటి కోత ఉందని, అప్పటికి మిషను రాకపోతే ఆ షావుకారుకే పోసుకోవాలని చెప్పి చాట తీసుకుని బియ్యం చెరుక్కుంటూ కూర్చుంది.

అప్పుడు వెలిగింది నాకు. వాడు నాకు డబ్బు ఎగ్గొట్టడం లేదు. పెట్టుబడి పెడుతున్నాడు. నా పెళ్లాం మిషను డబ్బులు తన ఇంజనులో పెట్టుకుని, ఆ ఇంజను మీదే మా ఇంటికొచ్చి, మిషను లేదు కదా అని మా పళ్లకి ధర కట్టాడు. అంతవరకూ నేను పెంచుకుంటున్న కోపం ఆ పూట మంచం మీంచి లేచి నిలబడి ఇంటి కప్పుకి తల కొట్టుకుంది.

పగ తీర్చుకోవడానికి మెకానిక్కుకి దారులు తక్కువేం కాదు. బ్రేకుల జోలికీ స్టీరింగు జోలికీ నేను వెళ్లను, ఆ జీపులో ఎక్కేది మావాళ్లు. కానీ సైలెన్సరులో ఎండుచేప పెట్టడం, సీటు కింద తుమ్మజిగురు పోయడం, హారన్ తీగ పట్టుకెళ్లి వైపరుకి కలపడం, ఇలాంటివి ఒక నూట యాభై దాకా ఆలోచించాను. ఏదీ నా కోపానికి సరిపోలేదు. చివరికి తేల్చుకున్నాను. వాడు సంతకిస్తానన్నాడు కాబట్టి వాడు వెళ్లే ప్రతి సంతకీ నేనూ వెళ్తాను. ముందు సీట్లో, వాడి పక్కనే కూర్చుంటాను. టికెట్టు తీసుకోను. వాడి పరువుని మలుపు మలుపుకీ కొంచెం కొంచెం రోడ్డు మీద పారబోస్తాను.

మర్నాడే మొదలుపెట్టాను. జీపులో లోపల పదహారు మంది, పైన తొమ్మిది మంది, వెనక వేళ్లాడేవాళ్లు లెక్కలేనంతమంది. అందరికీ వినపడేలా నేను ఉపన్యాసం ఎత్తుకునేవాణ్ణి. మీరు ఎక్కింది షావుకారు జీపు కావచ్చు కానీ మిమ్మల్ని లాగుతున్న ఇంజను నాది, పిస్టన్లు నావి, రింగులు నావి, వాటికి ఈయన ఇంతవరకూ పైసా ఇవ్వలేదు, అవి నా పెళ్లాం మిరియాలు అని చెప్పేవాణ్ణి. ఎత్తు ఎక్కేటప్పుడు చెయ్యెత్తి, వినండి, ఎంత మెత్తగా లాగుతోందో, అది నా చెయ్యి అనేవాణ్ణి.

నాలుగు సంతలు తిరిగాక తెలిసింది, నేను వాడికి ప్రచారం చేసిపెడుతున్నానని. ఆ జీపు ఇంజను కొత్తదట, మేస్త్రీ కూడా బండిలోనే ఉంటాడట, దారిలో ఆగిపోయే భయం లేదట అని జనం మిగతా జీపులు వదిలి దీని కోసం నిలబడుతున్నారు. పైన తొమ్మిదిమంది పదిహేనుమందయ్యారు. షావుకారు నాకు దారిలో పకోడీ పొట్లం కొనిచ్చి, రేపు కూడా రా మేస్త్రీ అన్నాడు. ఆ పకోడీలు నేను తిన్నాను. నా జీవితంలో నన్ను నేను అంత అసహ్యించుకుంటూ ఏదీ తినలేదు. రెండో పొట్లం కూడా అలాగే తిన్నాను.

తొమ్మిదో రోజు ముంచింగిపుట్టు సంత. మర్నాడే మా ఇంట్లో కోత. పళ్ల బేరాలు మొదలయ్యే రోజులు కాబట్టి షావుకారు ఆ వేళ నోట్ల సంచీ బొడ్డు దగ్గర కట్టుకుని బయల్దేరాడు. పొట్ట కింద సంచీ, సంచీ కింద స్టీరింగు. మలుపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా ముగ్గురూ కలిసి మాట్లాడుకునేవారు. నేను పక్కనే కూర్చుని ఆ సంచీని, ఆకలేసిన కుక్క విస్తరిని చూసినట్టు, తొంభై కిలోమీటర్లు చూశాను. ఉపన్యాసం మాత్రం మానలేదు. అలవాటైపోయింది.

ముంచింగిపుట్టు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక ముసలావిడ ఎక్కింది. ముక్కుకి రెండు వైపులా నత్తులు, ఒళ్లో గంపలో ఒక కోడి. సరిగ్గా నా వెనక కూర్చుని నా ఉపన్యాసం మొదటి నుంచి చివరి దాకా విన్న మొదటి మనిషి ఆవిడే. కోడి కూడా వింది. అంతా అయ్యాక నా భుజం మీద తట్టి అడిగింది.

"ఇంజిను నీదేనా, మేస్త్రి బాబూ?"

నాదేనన్నాను. ఆయన కొనుక్కున్నాడా అని అడిగింది. కొంటే డబ్బులిచ్చేవాడు కదా అన్నాను. ఊరికే ఇచ్చేశావా అంది. నేనేం ధర్మాత్ముణ్ణి కాదన్నాను. ఆవిడ కాసేపు కోడి మెడ నిమిరింది.

"అయితే పాలుకిచ్చినావు."

జీపులో తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. పైన కూర్చున్నవాళ్లు కూడా ముందద్దం మీదికి తలలు వేలాడేశారు.

పాలుకివ్వడమంటే మా కొండల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మేకో ఆవో ఉండి మేపుకోలేనివాడు ఇంకొకరికి వాటాకి ఇస్తాడు. పుట్టిన పిల్లల్లో మేపినవాడికి సగం, ఇచ్చినవాడికి సగం. తల్లి మాత్రం ఎన్నేళ్లయినా ఇచ్చినవాడిదే. కాగితం రాసుకోరు, సాక్షుల్ని పిలవరు. చిరుతపులి ఎత్తుకుపోతే అడివంతా గాలించి చెవి ముక్క తెచ్చి చూపిస్తారు. పాలు తిన్నవాడని ఒకసారి పేరు పడితే వాడికి మేక కాదు కదా, అగ్గిపుల్ల కూడా ఎవరూ ఇవ్వరు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ పద్ధతిలోనే. నూట యాభై ఉపాయాలు ఆలోచించిన నా బుర్రకి ఆ ఒక్క ముక్క తట్టలేదు.

సంత దగ్గర జీపు ఆగింది. అందరూ దిగి డబ్బులివ్వాలి. ముసలావిడ గంప కింద పెట్టి, కొంగుముడి విప్పి, రెండు ఇరవైలు తీసింది. ఒకటి షావుకారు చేతిలో పెట్టింది, రెండోది నా చేతిలో పెట్టింది. షావుకారు ఇదేమిటన్నాడు. జీపు మేపినందుకు నీ సగం, ఇంజను ఇచ్చినందుకు మేస్త్రీ సగం అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆవిడ వెనక ఉన్నాయన అలాగే ఇచ్చాడు. ఆయన వెనక ఇద్దరు. చిల్లర లేనివాళ్లు పక్కవాళ్లతో మార్చుకుని మరీ సగం చేస్తున్నారు. నా దోసిలి చాలక తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి పరిచాను. షావుకారు మొహం కార్బన్ పట్టిన ప్లగ్గులా నల్లబడింది.

"బండి నాది," అన్నాడు.

"నీదే గదేటి," అంది ముసలావిడ. "తోసుకెల్లు."

సంత సంతంతా నవ్వింది. ఎండుచేపలమ్మేవాడు తూకం వదిలేసి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఒడిశా కొండల మీద తగిలి రెండోసారి కూడా వినిపించింది. షావుకారుకి ఒళ్లు తెలియలేదు. పాలూ లేదు, గీలూ లేదు, నాకు ఆ లెక్క తెలీదు పొమ్మని గట్టిగా అరిచాడు.

అనకూడని మాట అదే. ముసలావిడ వంగి గంప తీసుకోబోతున్నదల్లా ఆగింది.

"నీ మేకలు నాలుగు నా దగ్గిర పాలుకున్నాయి, సావుకారు. నీకు పాలంటే తెల్దంటే ఇప్పుడే సెప్పీ. నాను బేగి ఇంటికెల్లిపోతాను."

నాకు ఈ సంగతి తెలియదు. ఆ పక్క ఊళ్లలో షావుకారు ఎన్నేళ్లుగానో మేకలు కొని పాలుకిస్తున్నాడట. జనంలోంచి ఒకాయన తన దగ్గర ఆరున్నాయన్నాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, తన దగ్గర తొమ్మిది, ఈనినవి కాక, అంది. ఎవరూ గొంతు పెంచలేదు. వాళ్లు వాళ్ల దగ్గరున్నవి చెప్పారు, అంతే. షావుకారు ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. వాడి కళ్లలో మేకలు ఒక్కొక్కటే కొండెక్కి అవతలి రాష్ట్రంలోకి దిగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. పాలు లేదంటే మంద పోతుంది. ఉందంటే తిరిగినన్నాళ్లూ జీపు రాబడిలో సగం నాది, ఎప్పటికైనా ఇంజను కూడా నాది. వాడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. నిజం చెప్పొద్దూ, ఉందనాలని నేను మనసులో మొక్కుకున్నాను. ముసలితనం దాకా ఆ ముందు సీట్లో కూర్చుని సగం సగం తీసుకుంటూ వాణ్ణి చూస్తూ బతికే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

వాడు బొడ్డు దగ్గర సంచీ విప్పాడు.

జీపు బానెట్టు మీద నోట్లు లెక్కపెట్టాడు. పార్టుల డబ్బు, లేతు డబ్బు, నా కూలి, మొత్తం. నేను ఇంకోసారి లెక్కపెట్టమన్నాను. అవసరం లేదు, మొదటిసారే సరిపోయాయి. చూడాలనిపించింది. రెండోసారి లెక్కపెట్టేటప్పుడు జనం కూడా బయటికి లెక్కపెట్టారు. చదువురానివాళ్లు ఇంకా గట్టిగా లెక్కపెట్టారు. నేను మూడోసారి అడగబోతుంటే ముసలావిడ నా తువ్వాలు వైపు చూపించింది. ఇంజను అమ్మేశావు కదా, ఇంక నీకు పాలు లేదు, ఆ సగాలు ఆయనకిచ్చేయమంది. న్యాయమే. కానీ న్యాయం ఇంత బరువుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ తువ్వాలు షావుకారు ముందు దులిపాను. రెండు పదిరూపాయల నోట్లు మడతలో ఉండిపోయాయని ఇంటికెళ్లాక తెలిసింది. ఉండిపోయేలా నేనే మడతపెట్టాననే అనుమానం మా ఆవిడది.

తిరుగు ప్రయాణంలో వాడు నన్ను ఎక్కించుకోలేదు. నేను బస్సెక్కి పాడేరులో దిగి పల్పరు కొన్నాను. టాపు మీద కట్టడానికి కండక్టరు ఒప్పుకోకపోతే ఒళ్లో పెట్టుకుని, దానికి కూడా టికెట్టు తీసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ మిషను చుట్టూ ఒకసారి తిరిగి, పళ్లచక్రం మీద వేలు పెట్టి చూసి, మిగిలిన డబ్బులు అడిగి తీసుకుని డబ్బాలో వేసింది. ఆ డబ్బా ఎక్కడ పెట్టిందో మళ్లీ తెలియలేదు.

మర్నాడు కోత. సాయంత్రానికి గంపలన్నీ ముంగిట్లోకి చేరాయి. ఆవిడ పళ్లు పోస్తుంటే నేను మర తిప్పుతున్నాను. ఒక పక్క నుంచి తెల్లటి గింజలు జారుతున్నాయి, ఇంకో పక్క ఎర్రటి తొక్కలు గుట్ట పడుతున్నాయి. ఆ గుట్ట ఎక్కితే సముద్రం కనిపించేది. అప్పుడు మా ఇంటి ముందు జీపు ఆగింది. డబ్బు చేతికొచ్చిన మర్నాటికే మిషను ఇంట్లో ఉంటుందని వాడనుకోలేదు. ఖాళీ గోనెలు భుజాన వేసుకుని, కాటా పట్టుకుని ముంగిట్లోకి వచ్చేశాక చూశాడు. వెనక్కి తిరగడానికి పొట్ట అడ్డమొచ్చింది.

నేనే ఏదో అనాలని నోరు తెరిచాను. నూట యాభై మాటలు నాలుక చివర క్యూలో నిలబడ్డాయి. మా ఆవిడ గంపలోంచి తల ఎత్తకుండానే అంది.

"పళ్లు లేవు సావుకారుగోరు. తొక్కలున్నాయి. ఎంతకి తీసుకుంటారు?"

వాడు కాటా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను మర తిప్పడం ఆపలేదు, కాస్త వేగం పెంచాను. ఒక తొక్క ఎగిరి వెళ్లి వాడి తెల్లచొక్కా జేబు మీద, సరిగ్గా పువ్వు పెట్టుకునే చోట అంటుకుంది. ఇంకొకటి మీసం మీద. ఇంకొంచెం తిప్పాను. వాడు వెళ్లి జీపెక్కి, ఊరంతా తిరిగి, తక్కిన ఇళ్ల ముందు కూడా ఆగి, ఆ అలంకారంతోనే చింతపల్లి వైపు వెళ్లాడు. నేను చూశాను. చెప్పలేదు.